తెర చాటున మార్చిన ప్రాసెసర్

నా రాత బాగుండదు. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పడితే అక్కడ పడతాయి, అక్షరాలు గీత మీద నిలబడవు. చదవడానికి ఇబ్బందిగా ఉంటే ఏమీ అనుకోకండి. కూడబలుక్కుంటే అర్థమవుతుందనే ఆశతో రాస్తున్నాను.

బావగారు పోయారన్న కబురు నాకు మీ నోటి మీదుగానే తెలిసింది. ఆ రోజు అక్కా, మా ఆయనా ఏలూరు పెద్దాసుపత్రిలో బావగారి దగ్గర ఉన్నారు. మీలో ఒకరు ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని మా నెట్ సెంటర్ చూస్తున్నారు. ఫోన్ మోగింది. ఆయన విని, పెట్టేసి, లోపలి గుమ్మానికి కట్టిన తెర దాకా వచ్చి ఆగిపోయారు. తెర కింద నుంచి కాలి వేళ్ళు కనబడుతున్నాయి నాకు. చాలాసేపు ఆ వేళ్ళు కదల్లేదు. తర్వాత, "అండీ, లోపల ఎవరైనా ఉన్నారా? సార్ ఇక లేరంటండీ" అన్నారు. నేను బియ్యం ఏరుతున్నాను. "సరేనండి" అన్నాను. మీరు ఒక్కొక్కరే కంప్యూటర్లు ఆపుకుని వెళ్ళిపోయారు. ఆరో కుర్చీ జరిగిన చప్పుడు కూడా అయిపోయాక సర్వర్ ఫ్యాన్ ఒక్కటే వినబడింది.

నేను బావగారి తమ్ముడి భార్యని, అక్కకి తోడికోడలిని. రెండేళ్ళుగా మీరు మా ఇంటికి వస్తూ పోతూ ఉన్నా మీలో ఎవరూ నన్ను చూసి ఉండరు. మీ వయసే నాది. సార్ గురించి తలా ఒక పేజీ రాసి, అన్నీ కలిపి పుస్తకంగా కుట్టి అక్కకి ఇస్తామని, ఇంట్లోవాళ్ళు కూడా ఒక పేజీ రాస్తే బాగుంటుందని మీలో ఒక అమ్మాయి వచ్చి అడిగింది. ఇది ఆ పేజీ. కానీ పుస్తకంలో కుట్టడానికి కాదు. ఎందుకో చివర్లో చెబుతాను.

మాది కొల్లేటి లంక. బావగారి ఊరూ అక్కడికి దగ్గరే. ప్రభుత్వం కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు వీళ్ళ చెరువూ పోయింది. మా ఆయన వేరేవాళ్ళ చెరువు మీద కాపలాకి కుదిరారు, వారానికి రెండుసార్లు ఇంటికి వస్తారు. బావగారికి ముందు నుంచీ టీవీలు, టేపురికార్డర్లు బాగుచెయ్యడం వచ్చు, తర్వాత కంప్యూటర్లూ నేర్చుకున్నారు. వట్లూరులో కాలేజీల దగ్గర ఈ ఇల్లు అద్దెకి తీసుకుని ముందు గదిలో ఆరు కంప్యూటర్లు పెట్టారు.

ఇంటికి వీధి తలుపు ఆ గదిలోనే ఉంది. వెనక పెరడు, దాన్ని మూసేస్తూ హాస్టలు గోడ. పొద్దున తొమ్మిదికి మీరు రావడం మొదలైతే రాత్రి తొమ్మిదికి ఆఖరి మనిషి వెళ్ళేదాకా నాకు బయటికి దారి లేదు. వెళ్ళొద్దని ఎవరూ అనలేదు. మీ కుర్చీల మధ్య నుంచి నడిచి వెళ్ళడం నాకు చేతకాలేదు, అంతే. కొత్తిమీర కావాలన్నా ఎనిమిదింటికల్లా తెచ్చుకోవాలి. మర్చిపోతే ఆ రోజుకి లేనట్టే.

మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ఎదట పడదు. ఆయనతో నేరుగా మాట్లాడదు. ఆయన లోపలికి రావాలంటే తెర దగ్గర ఆగి ఒకసారి దగ్గేవారు. నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని. రెండేళ్ళలో ఒక్కసారి కూడా దగ్గకుండా రాలేదు. ఒకసారి జలుబు చేసి ముందు గదిలో కూర్చుని అదేపనిగా దగ్గుతుంటే నేను కూర్చోవడం, లేవడం, కూర్చోవడం. అది వినబడినట్టుంది. "ఏమే, ఇది ఉత్త దగ్గేనని చెప్పు, పాపం మాటిమాటికీ లేస్తోంది" అని అక్కతో అన్నారు.

కాబట్టి బావగారు నాకు చెవులతోనే తెలుసు. రిజల్టు చూసుకుని తప్పినవాళ్ళని టైమైపోయిందని ఎప్పుడూ లేపేవారు కాదు. "ఇంకాసేపు కూర్చో నాన్నా, ఏదైనా ఆట ఆడుకో" అనేవారు. మొరాయించిన కంప్యూటర్‌ని "ఏం నాయనా, అలిగావా" అని పలకరించేవారు. స్క్రూలు విప్పితే న్యూస్‌పేపరు పరిచి, పెట్టెలో ఏ మూల స్క్రూ పేపరు మీద కూడా ఆ మూలే పెట్టేవారు. ఇది నేను తెర సందులోంచి చూశాను, చేతుల వరకే.

ఆదివారం మధ్యాహ్నం సెంటర్ మూసి ఉండేది. ఒక ఆదివారం ఆయన ఏదో విప్పుతుంటే ఒక స్క్రూ తెర కింద నుంచి నా వైపు దొర్లి వచ్చింది. ఆయన నేలంతా తడుముతున్నారు. నేను దాన్ని వేలితో తిరిగి అవతలికి తోశాను. ఆయన చెయ్యి దాని మీదుగా రెండుసార్లు వెళ్ళిపోయింది. మూడోసారి తగిలింది, పట్టుకుంటే జారింది. వేళ్ళు వణుకుతున్నాయి. షుగరు ఆయన చూపునీ చేతినీ తినేస్తోందని ఆ ఇంట్లో మొదట తెలిసింది నాకు. అప్పటికి అక్కకి కూడా తెలియదు. నేను చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు.

అప్పుడు సర్వర్ ఎంత నిదానంగా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. అది ఏదో ఆఫీసులో వాడి వదిలేసిన పాత కంప్యూటర్. ఇంటర్నెట్ ముందు దానిలోకి వచ్చి, అక్కడి నుంచి మీ ఆరింటికీ వెళ్ళేది. మీ ప్రాజెక్టు ఫైళ్ళన్నీ దానిలోనే. ఆరుగురూ ఒకేసారి కూర్చుంటే నీళ్ళు రాని కుళాయిలా బుసబుసలాడేది. రోడ్డవతల ఏసీ పెట్టి కొత్త సెంటర్ తెరిచారు. మీలో కొందరు అటు వెళ్ళడం మొదలుపెట్టారు, నిష్ఠూరంగా అనడం లేదు. కొత్త సర్వర్ కొనే శక్తి లేదు. "డబ్బా పాతదైనా బోర్డు మంచిదే. దీని మీద ఇంతకంటే పెద్ద ప్రాసెసర్ కూర్చుంటుంది" అని బావగారు బెజవాడ వెళ్ళి ఎవరో వాడిన ప్రాసెసర్ ఒకటి తెచ్చారు. సబ్బుపెట్టెలో స్పాంజి ముక్క మీద పెట్టి తెచ్చారు. అరచేతిలో పట్టేంత బిళ్ళ, అడుగున వందల కొద్దీ బంగారు రంగు సూదులు.

దాన్ని రెండు రోజులు అలాగే ఉంచారు. మూడో రోజు అక్కని పిలిచారు.

"ఏమే, నీ చెయ్యి చూపించు."

"ఇప్పుడేం జాతకం చెబుతారా?"

"వేళ్ళు లావు. పనికిరావు."

"పదిహేనేళ్ళు వండి పెట్టాక తెలిసిందా?"

ఆయన నవ్వలేదు. "నాకు సరిగా కనబడట్లేదే. చెయ్యి ఆగట్లేదు. దీనికి ఒక్క సూది వంగినా పోయినట్టే" అన్నారు.

అక్క గొంతు మారిపోయింది. "ఎప్పటినుంచండీ?"

"అయింది కొన్నాళ్ళు. బయటికి అనకు. వణికే చేతికి మిషను ఎవరిస్తారు? ఆ పిల్లలకి తెలిస్తే అందరూ రోడ్డు దాటతారు."

తర్వాత అక్కే అంది. "మీ మరదలిది వలలు కుట్టిన చెయ్యండీ. మొన్న నా గొలుసు కొక్కెం సూదితో సరిచేసింది."

"తనకి నేనెలా చెబుతానే?"

"నాకు చెప్పండి. నేను తనకి చెబుతాను."

అలా మొదలైంది మా బడి. ఆదివారం మధ్యాహ్నం సర్వర్ పెట్టెని లోపలికి తెచ్చి పీట మీద పెట్టారు. తెరకి ఇవతల నేను. అవతల, తెర వైపు వీపు పెట్టి బావగారు. గుమ్మంలో అక్క, ముందు రొయ్యల గిన్నె పెట్టుకుని ఒలుస్తూ.

"నూలు చీర కట్టుకుందా?"

"కట్టుకుంది."

"గాజులు?"

"బోర్డుకి తగలకుండా గుడ్డ చుట్టింది. ఇదేం పేరంటమో, పసుపు రాయడం ఒక్కటే తక్కువ."

"ముందు కిటికీ ఊచ ముట్టుకోమను."

"ఊచ ముట్టుకోవాలంట పిల్లా. ఆ తర్వాత దాగుడుమూతలు."

మన ఒంట్లో కొంచెం కరెంటు ఉంటుందట, సిల్కు చీర కడితే ఇంకా ఎక్కువట, ఇనుము ముట్టుకుంటే పోతుందట. నేను ముట్టుకున్నాను. ఫ్యాన్ కింద క్లిప్పు వదులు చేసి ఎత్తాను. ప్రాసెసర్ కూర్చునే గూడు, అదే సాకెట్, దాని పక్కన సన్నటి లివరు ఉంది. అది పైకెత్తితే పాత ప్రాసెసర్ ఊడి చేతిలోకి వచ్చింది. అక్క ప్రతి మాటా మోస్తోంది. ఆమెకి ఒక్కటీ అర్థం కాదు, కానీ ఒక్కటీ పోనివ్వదు.

"ఒక మూల గుర్తు ఉంటుంది. సాకెట్‌కి కూడా ఒక మూల కోసినట్టుంటుంది. ఆ మూలకి ఈ మూల కలవాలను."

"మూలకి మూల కలపాలంట, వియ్యపురాళ్ళలాగా."

"బలం పెట్టొద్దను. దానంతట అది దిగాలి. బలం పెట్టాల్సి వచ్చిందంటే ఎక్కడో తప్పు జరిగినట్టే."

"ఈ మాట మా అన్నయ్యకి చెప్పాలి" అంది అక్క. అంతలో పెరట్లో హాస్టలు గోడ మీంచి ఎవరో పిలిచారు. మీలోనే ఎవరో, సెంటర్ ఎప్పుడు తెరుస్తారని. అక్క చేతులు కడుక్కుని అటు వెళ్ళింది. బావగారు వీపు తిప్పి ఉన్నారు కదా, ఆమె పెరట్లోకి వెళ్ళడం గమనించలేదు.

నేను ప్రాసెసర్ పెట్టాను. మూడు వైపులా దిగింది. ఒక మూల వెంట్రుక మందం పైకి ఉంది.

"కూర్చునుంటే లివరు దించెయ్యమను" అన్నారు బావగారు.

గుమ్మంలో ఎవరూ లేరు. నేను లివరు మీద వేలు పెట్టి ఆగాను.

"దించెయ్యచ్చు" అన్నారు మళ్ళీ.

ఆగండి బావగారూ, ఒక మూల దిగలేదు. ఇంతే మాట. గొంతు దాకా వచ్చింది. పెళ్ళైన దగ్గర నుంచి ఆయనతో ఒక్క మాట నేరుగా అనలేదు నేను. పెద్దాయన రెండుసార్లు చెప్పాక ఊరుకుంటే తప్పు, నోరు విప్పితే ఇంకా తప్పు. ఇక మిగిలింది ఆయన చెప్పినట్టు చెయ్యడమే అనిపించింది. బొటనవేలితో ఆ మూల అదిమి లివరు దించేశాను. చిన్న చప్పుడయింది, నువ్వుగింజ కొరికినంత.

స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది, మానిటర్ మీద ఏమీ రాలేదు. తీసి చూస్తే మూలన అయిదు సూదులు పడుకున్నాయి. తిరిగొచ్చిన అక్కకి చెప్పాను, అక్క ఆయనకి చెప్పింది.

"దించకముందే తనకి తెలిసిందేమో అడుగు."

"తెలిసిందని చెప్పండక్కా" అన్నాను. ఏడుపు ఆపుకుంటున్నాను.

"మరి ఊరుకుందెందుకు?"

"నేను గుమ్మంలో లేనుగా. ఎవరితో చెబుతుంది?" అంది అక్క.

బావగారు లేచి ముందు గదిలో అటూ ఇటూ నడిచారు. నన్ను ఇక ఆ పెట్టె దగ్గరికి రానివ్వరనుకున్నాను. ఆయన తిట్టి ఉంటే నయమనిపించింది. ఆఖరికి, "ఇదిగో, ఆ అమ్మాయికి చెప్పు. మర్యాదలు మనుషుల మధ్య. మిషను దగ్గర మర్యాద లేదు. తప్పు కంటికి కనబడ్డాక చెప్పేది ఎవరైనా సరే, ఆగిపోవాలి" అన్నారు. తర్వాత ఒక స్టీలు గ్లాసూ చెంచా అడిగి తెర కింద నుంచి నా వైపు జరిపించారు. ఒకసారి కొడితే ఆగమని, రెండుసార్లు కొడితే అయిందని. అక్క ఇంట్లో లేకపోయినా పని నడవడానికి.

ఆ సూదులు లేపడానికి పొద్దుగూకే దాకా పట్టింది. పెరటి గుమ్మంలో వెలుతురుకి పెట్టుకుని కుట్టు సూదితో ఒక్కొక్కటీ కొంచెం కొంచెం ఎత్తాను. వలలో పోగు మెలిపడితే మా నాన్న గోటితో తీసేవారు. లాగితే తెగుతుంది, బతిమాలితే వస్తుంది అనేవారు. బతిమాలాను. ఈసారి ప్రాసెసర్ బురదలోకి బొమ్మిడాయి చేప జారినట్టు దానంతట అదే దిగింది. గ్లాసు మీద రెండుసార్లు కొట్టాను. తెర అవతల బావగారు గట్టిగా ఊపిరి వదలడం వినబడింది. స్విచ్ వేశాక మానిటర్ మీద ప్రాసెసర్ వేగం చెప్పే అంకె వచ్చింది. అక్కకి చదవడం రాదు. నేను చదివాను, ఒకటి, సున్నా, సున్నా, సున్నా. అక్క మోసింది. "చాలు" అన్నారాయన.

సోమవారం ఆరుగురూ కూర్చున్నారు. సర్వర్ ఎక్కడా ఆగలేదు, బెదరలేదు. మీలో ఒకరు, "సార్, దీనికి రెక్కలొచ్చాయి సార్. మీ చేతిలో ఏదో ఉంది" అన్నారు. బావగారు తెర దగ్గరికి వచ్చి ఒకసారి దగ్గారు. నేను లేచి తప్పుకున్నాను. ఆయన లోపలికి రాలేదు. కాసేపటికి మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. అప్పుడు అర్థమైంది, ఆ దగ్గు నన్ను తప్పుకోమనడానికి కాదు.

ఆ తర్వాత ఏడాదిలో మీరు సార్ చేతి పని అనుకున్నవన్నీ అలాంటివే. మీరు ఇచ్చి వెళ్ళిన కంప్యూటర్లు ఆదివారం లోపలికి వచ్చేవి, సోమవారం ముందు గదిలో ఉండేవి. ఆయన చెబితే నేను చేసేదాన్ని. కొన్నాళ్ళకి ఆయన సగం చెప్పేలోపే నా చెయ్యి అక్కడ ఉండేది. ఆ రోజుల్లో బయటికి దారి లేదన్న సంగతే గుర్తొచ్చేది కాదు నాకు.

"తమ్ముడితో చెబుతాను, సమయం చూసి" అనేవారు అక్కతో, ఇది ఆ అమ్మాయి పని అని. చెప్పలేదు. దసరా అయ్యాక అన్నారు, పరీక్షలయ్యాక అన్నారు. ఆయనకీ ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయిందనుకుంటాను. నాకు కోపం లేదు. కానీ పోయారు కదా అని ఆయన్ని దేవుణ్ణి చేసి రాయలేను.

ఆసుపత్రి నుంచి తెచ్చాక ఆయన్ని ముందు గదిలోనే పడుకోబెట్టారు, కంప్యూటర్లు గోడలకి జరిపి. ఆడవాళ్ళం చుట్టూ కూర్చున్నాం. ఆయన ముఖం నేరుగా చూడటం నాకు అదే మొదటిసారి. గొంతుని బట్టి పెద్ద మనిషి అనుకున్నాను. చిన్న ముఖం, ముక్కు పక్కన పుట్టుమచ్చ. చేతులు పొట్ట మీద కలిపి పెట్టారు. ఆ చేతులు వణకకుండా ఉండటం కూడా అప్పుడే చూశాను.

ఇప్పుడు సంగతి ఇది. నెలాఖరుకి సెంటర్ ఎత్తేస్తున్నారు. రోడ్డవతల ఏసీ సెంటర్ వాళ్ళు అన్నీ తీసుకెళతారట. అక్క కామవరపుకోటలో అన్నగారింటికి వెళ్ళి వాళ్ళ పొలం పనిలో ఉండాలి. నేను మా ఆయనతో చెరువు గట్టు మీద షెడ్డులో ఉండాలి. నాలుగు వైపులా నీళ్ళు, దాటడానికి ఒక పడవ, అది ఆయన దగ్గర. అన్నం తింటూ చెప్పారు మా ఆయన. "అన్నయ్య లేకుండా ఆ సర్వర్ ముఖం ఎవరు చూస్తారు? మీ ఆడాళ్ళిద్దరూ నడుపుతారా?" అని నవ్వారు. చెడ్డగా కాదు, మామూలుగానే నవ్వారు.

ఆయన చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళగానే అక్క నా మణికట్టు పట్టుకుంది.

"చెప్పకు."

"అక్కా, నేను నడపగలను."

"నాకు తెలుసు. కానీ ఆ కాలేజీ అమ్మాయి చదివి వినిపించిన పేజీలు విన్నావుగా. అందరూ ఆయన చేతుల గురించే రాశారు. అదంతా ఉత్తదని నా నోటితో అననా? సెంటర్ పోతే పోనీ. నాకు మిగిలింది ఆ పేజీలే."

మూలగదిలో చాప మీద కూర్చుని అంది ఆ మాట. భర్త పోయిన ఆనవాయితీ ప్రకారం నెలాఖరు దాకా ఆమె ఆ గది దాటకూడదు. నేను ఆమె చేతిలో చెయ్యేసి, అలాగే అక్కా అన్నాను.

ఇప్పుడు వీధి తలుపు పగలంతా తెరిచే ఉంటోంది. ముందు గదిలో ఎవరూ ఉండరు. నేను గడప దాకా వెళ్ళి వెనక్కి వస్తున్నాను. చెబితే బావగారి పేరు పోతుంది. చెప్పకపోతే ఆయన పెట్టిన సెంటరూ పోతుంది, అక్క బతుకూ పోతుంది, నాదీ పోతుంది. ఎటు తిరిగినా గోడే తగులుతోంది. అందుకే అక్కకి ఇచ్చిన మాట ఒక్క మీ దగ్గర తప్పుతున్నాను.

మా ఆయన శుక్రవారం వస్తారు. మీరు నలుగురు కలిసి వచ్చి ఆయనతో ఒక్క మాట అనండి. "సార్ జబ్బు పడ్డాక ఇంట్లోవాళ్ళకి పని నేర్పుతున్నానని మాతో అన్నారు. వాళ్ళు నడిపితే మేమంతా ఇక్కడికే వస్తాం" అని. నేర్పారన్నది నిజమే కదండీ. ఎప్పుడు నేర్పారన్నదే కొంచెం ఈమధ్యకి జరిపాను. ఆయన నమ్మక లోపలికి చూసి, ఏదీ, ఏం నేర్పాడో చెప్పమనండి అంటే, అక్క చేత చెప్పించను. నేనే పలుకుతాను. మీ అందరి ముందూ పలుకుతాను.

మీ పేజీల్లో ఒక్క అక్షరం మార్చకండి. ఆయన చేతుల గురించి రాసింది రాసినట్టే కుట్టి అక్కకి ఇవ్వండి. ఆయన చెప్పకపోతే నా చేతులకి రొయ్యలు ఒలవడం తప్ప ఏమీ తెలిసేది కాదు.

ఇది మాత్రం అందరూ చదివాక కాల్చెయ్యండి. చింపి పారేస్తే చాలదు. ఇంతకుముందు మూడుసార్లు ఈ ఉత్తరం రాసి పొయ్యిలో వేశాను, అందుకని తెలుసు. కాగితం నల్లగా ముడుచుకున్నాక కూడా బాల్‌పెన్ను రాత పోదు. మసి మీద వెండి గీతల్లా తేలి, వంగి చూస్తే మాట మాటా చదవడానికి వస్తుంది. మంట ఆరిపోయింది కదా అని వెళ్ళిపోకండి. ఒక పుల్ల తీసుకుని మెల్లగా కదపండి, అప్పుడు పోతుంది.